బొంత కడుపులో నాలుగు గింజలు

అమ్మా,

నేను కులాసా, దిగులు పడకు. పొద్దున గంజి తాగగానే సూది పట్టుకుంటే పొద్దే తెలియడం లేదు. ఒకేసారి మూడు బొంతలు సాగుతున్నాయి. పొద్దుట మరిది పెళ్ళికి పెద్దది, మధ్యాహ్నం ఉయ్యాలలోకి చిన్నది (కంగారుపడకు, ఆడపడుచు బిడ్డకి), ఎండ తగ్గాక అత్తది.

మొన్న అత్త బొంత అంచుల నుంచి కుట్టుకుంటూ నడిమికి వచ్చి, ఆఖరి ముక్క కూడా వేసేశాను. బొంత కడుపు ఖాళీగా ఉండకూడదని మన సిద్దీలంతా లోపల పెట్టే బియ్యపు గింజల సంగతి తట్టనే లేదు. అత్త తడిమి చూసి, "ఏమే నతాలిన్, నా బొంతని పస్తు పడుకోబెడతావా? సిద్దీల పిల్లవేనా నువ్వు? మీ అమ్మ నేర్పలేదా?" అంది. నాకు రోషం వచ్చింది. "మా ఇంట్లో బియ్యం కుండలోకే చాలేవి కావు, బొంత కడుపులోకి ఎక్కడివి?" అనేశాను.

అత్త నడిమి ముక్క తనే విప్పి నాలుగు గింజలు వేసింది. ఇంకో నాలుగు నా కొంగున ముడేసి, "ఇవి మీ అమ్మ బొంతకి" అంది.

యల్లాపుర సంతలో నల్లదారం లేదు, నీ దగ్గరుంటే పంపు. మేక ఈనిందా? ఇనాస్ అన్న ఇటు వచ్చేటప్పుడు నీ బొంత కూడా ఇచ్చి పంపు. మరియ తల్లి నిన్ను చల్లగా చూడాలి. చలి ముదరకముందే నీ బొంత కడుపు నింపి తిరిగి పంపుతాను.

నీ నతాలిన్