కాఫీ పండు, చెంపదెబ్బ

ప్రత్తిపాడు, ఆదివారం రాత్రి.

అరకు నుంచి పొద్దున్నే వచ్చాం. నిన్నటి సంగతి ఇంకా తలెత్తుకోనివ్వడం లేదు. అక్కడ మేం దిగిన ఇంటి ఆవిడ వాళ్ళ కాఫీ తోట చూపిస్తూ ఎర్రపండు ఒకటి కోసి మా పాప చేతిలో పెట్టింది. పాప నోట్లో వేసుకోగానే "ఉమ్మెయ్!" అని అరిచి చెంప మీద కొట్టాను. ఆవిడ బిత్తరపోయి, "మేం పురుగుమందు కొట్టం బాబూ, మా పిల్లలూ ఇవే తింటారు" అంది. మా మిర్చి చేలో పిల్లల్ని ఏదీ నోట్లో పెట్టుకోనివ్వం. ఆ అలవాటుకి చెయ్యి ఆగలేదు.

ఇవాళ సాయంత్రం పాప, "మన కాయలు తినకూడదా నాన్నా?" అనడిగింది. ఇంట్లోకని పెరట్లో మందు కొట్టకుండా పెంచుకునే నాలుగు మిరప మొక్కలు చూపించి, ఇవి తినొచ్చన్నాను.

"మరి చేలోవి ఎవరు తింటారు?"

లోపలికి పొమ్మని కసిరాను. చేలో తామర పురుగు కనబడుతోంది. తెల్లారితే మళ్ళీ మందు కొట్టాలి.