వెనక గదిలో సగం కుట్టిన బట్టల పంపకం

నలభై ఆరేళ్ల వయసున్న నేను, విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పుస్తకాలకు వర్గ సంఖ్యలు వేసే ఉద్యోగినిని, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, పూర్తి స్పృహతో, సొంత దస్తూరితో రాస్తున్న వీలునామా ఇది. మతి స్థిమితంగానే ఉంది. ఆ ఒక్క మాట రాయడానికి రెండు రోజులు ఆలోచించాను, స్థిమితంగా ఉన్నవాళ్లు ఇంతసేపు ఆలోచిస్తారా అని. ఆలోచిస్తారనే లాయరుగారు చెప్పారు.

ఇల్లు, బ్యాంకు వగైరా సంగతులు లాయరుగారు టైపు చేయించిన వేరే వీలునామాలో ఉన్నాయి. వాటిలో మార్పేమీ లేదు. ఇది వెనక గదికి మాత్రమే వర్తిస్తుంది. ఆ గదిలో ఒక కుట్టు మిషను, ఒక బీరువా, ఒక కిటికీ, నేను మొదలుపెట్టి ఆపేసిన పనులు ఉన్నాయి.

వచ్చే బుధవారం నా కడుపులోంచి ఒక గడ్డ తీస్తారు. చిన్నదేనని డాక్టరమ్మ అంది. ఆవిడ ఎదురుగా కూర్చున్నంతసేపూ నిజమే అనిపించింది, ఇంటికొచ్చాక అనిపించలేదు. మూడు వారాల కిందట బీరువా తెరిచి చూస్తే సగంలో ఆగినవి ఆరు తేలాయి. ఏది ఎవరికో రాసి పెడదామని కూర్చున్నాను. రాయాలంటే ఏది ఎంతవరకు వచ్చిందో చూడాలి, చూస్తే చెయ్యి ఊరుకోదు. అందువల్ల ఈ కాగితం మొదలుపెట్టాక కొన్ని పూర్తయిపోయాయి, ఆ మేరకు నిబంధనలూ మారాయి.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా భర్తది. ఆయనకి కళ్లద్దాల దుకాణం ఉంది. మనిషి నిదానస్తుడు, లెన్సు తుడిచినంత జాగ్రత్తగా మాట్లాడతాడు. "ఆ గదిలో నీ మిషనుకన్నా నీ అనుమానమే ఎక్కువ తిరుగుతుంది" అన్నది మాత్రం ఆయనే. దాన్ని మనసులో పెట్టుకోలేదు. ఇక్కడ రాశానంతే.

2. నీలి గళ్లు, తెల్లది, బూడిద రంగుది, మూడు చొక్కాలు నా భర్తకి చెందుతాయి. మూడింటికీ చేతులు, జేబులు, కాజాలు అన్నీ ఉన్నాయి. కాలర్లు లేవు. కాలరు రెండు మొనలూ సమంగా రావని భయం వేసి, మొదటిది ఆపి రెండోది, రెండోది ఆపి మూడోది మొదలుపెట్టాను. ఈ నెల నాలుగో తేదీన నీలి గళ్ల చొక్కాకి కాలరు కుట్టాను. విప్పాను. మళ్లీ కుట్టాను. ఎడమ మొన నూలుపోగంత పొడుగొచ్చింది. విప్పుతానంటే ఆయన నా చేతిలోంచి లాక్కుని తొడుక్కున్నాడు. "పొద్దస్తమానం మొహాలు కొలిచేవాణ్ణి. రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉన్న మనిషిని ఇంతవరకు చూడలేదు. కాలరుకెందుకు నీ పట్టింపు?" అని దుకాణానికి వెళ్లిపోయాడు. ఈ మాట పదేళ్ల కిందట చెప్పి ఉంటే మూడు చొక్కాలూ ఈపాటికి చిరిగి ఉండేవి. మిగతా రెండింటికీ పోయిన వారం కాలర్లు పెట్టేశాను. కాబట్టి ఈ నిబంధనతో ఇక పని లేదు, అయినా ఉంచుతున్నాను.

3. పెద్ద కత్తెర, కొలతల పుస్తకం మా అమ్మాయికి. దానికి పంతొమ్మిదేళ్లు, హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. దానికి పన్నెండేళ్లప్పుడు కత్తిరించిన గౌను ముక్కలు ఏడేళ్లు బీరువాలోనే ఉండిపోయాయి. ఫోటో తీసి పంపితే "అమ్మా, అది ఇప్పుడు నా మోచేతికి సరిపోతుంది" అని జవాబిచ్చింది. ఆ ముక్కలన్నీ కలిపి కొలతల పుస్తకానికి సంచీ కుట్టాను. పుస్తకంలో మూడో ఏటి నుంచి పన్నెండో ఏటి దాకా దాని భుజాలు, నడుము, పొడవు తేదీలతో సహా ఉన్నాయి. ఆ తరవాత కొలవనివ్వలేదు. ఎందుకని అడుగుదామనుకుంటూనే ఆగిపోయాను, అదీ ఆగిపోయిన పనుల్లో ఒకటే. కత్తెరతో కాగితం కొయ్యకూడదు. వాళ్ల నాన్న ఒకసారి దాంతో పార్సిలు అట్టపెట్టె కోశాడు. ఆ తేదీ పుస్తకం చివరి పేజీలో రాసి ఉంచాను.

4. ఇంట్లో ఎనిమిది కిటికీలు, ఏడు పరదాలు. ఎనిమిదోది ఈ వెనక గదిదే. మిగతావాళ్లకి కనపడే కిటికీలు ముందు, నాది తరవాత అనుకుంటూ తొమ్మిదేళ్లు పాత దుప్పటి వేలాడదీశాను. శుక్రవారం సాయంత్రం గంటన్నరలో పరదా కుట్టి తగిలించాను. పరదా కిటికీతోనే ఉంటుంది. దుప్పటి అవతల పారేయవచ్చు.

5. గుండీల డబ్బా మా కింది వాటాలో ఉండే రిటైరైన నర్సమ్మగారికి రాద్దామనుకున్నాను. ఈ కాగితం మీద ఆవిడ సాక్షి సంతకం కూడా కావాలి. సాక్షికి వీలునామాలో ఏదైనా రాస్తే అది చెల్లదని లాయరుగారు చెప్పారు. అందుకని డబ్బా తీసుకెళ్లి ఇప్పుడే ఇచ్చేశాను. "బతికుండగానే పంచేస్తున్నావేంటమ్మా" అని ఆవిడ నవ్వి, మూత తీసి, గుండీలన్నీ పళ్లెంలో పోసుకుని కూర్చుంది. రాయడంకన్నా ఇవ్వడమే సుఖంగా ఉంది.

6. నాలుగు మీటర్ల ఆకుపచ్చ నూలు గుడ్డ. ఇది ఆరింటిలోది కాదు, అసలు మొదలే పెట్టలేదు. దేనికి కొన్నానో గుర్తు లేదు. ఏం కుట్టాలో ఖాయంగా తెలిసినవాళ్లు ఎవరైనా తీసుకోవచ్చు.

7. ఇక వంగపండు రంగు గౌను. ఈ కాగితం రాయడానికి అసలు కారణం ఇదేనని రెండో వారంలో గానీ ఒప్పుకోలేకపోయాను.

ఇది మా అక్క కూతురిది. ఒక్కచోట నిలవదు కాబట్టి దాన్ని బొంగరం అంటాం. నాలుగేళ్ల కిందట, దానికి పదకొండేళ్లప్పుడు, బడి నాటకంలో వేసుకోవడానికి కుట్టమని అక్క గుడ్డ పంపింది. గౌను కుడిచెయ్యి భుజం దగ్గర ముడతపడిందేమోనని నాకు అనుమానం. మిషను కుట్టు వేస్తే విప్పడం కష్టమని కచ్చా కుట్టు మీదే ఉంచాను, అంటే చేత్తో నిలబెట్టే నాలుగు పొడుగు కుట్లు, లాగితే ఊడేవి. పొద్దున చూసి పక్కా కుట్టు వేద్దామనుకున్నాను. పొద్దున హడావిడిలో అలాగే మడిచి ఇచ్చేశాను. చెప్పడం కూడా మరిచిపోయాను. స్టేజీ మీద పిల్ల చెయ్యి ఎత్తింది, గౌను చెయ్యి జారి మోచేతి మీదకొచ్చింది. హాలంతా నవ్వింది. పిల్ల ఏడవకుండా మాటలన్నీ పూర్తిగా చెప్పింది. నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను.

మర్నాడు బావగారు గౌను తెచ్చి ఇచ్చారు. ఊడిన చెయ్యి విడిగా మడిచి ఉంది. అక్క ఫోనులో ఒక్క ముక్క అంది: "నువ్వు మనుషులతో కూడా ఇంతేనే. కచ్చా కుట్టేసి వదిలేస్తావు." దానికి జవాబు ఆలోచిస్తూ నాలుగేళ్లు గడిపాను. ఈ నాలుగేళ్లలో మా మాటలు పిల్లల ఫోన్ల మీదుగానే నడిచాయి.

పది రోజుల కిందట ఆ గౌను తిరగేసి చూశాను. కుట్టడం నేర్పేటప్పుడు అక్క నన్ను ఎప్పుడూ ఏడిపించేది, "లోపల ఇంకో గౌను కుట్టేంత గుడ్డ వదిలేస్తావేంటే" అని. సరిపోదేమోనన్న భయంతో వదిలేదాన్ని. ఈ గౌనుకీ పక్కల రెండేసి వేళ్లు, కింద జానెడు వదిలి ఉన్నాను. మా అమ్మాయి ద్వారా కొలతలు అడిగిస్తే బొంగరం తనే రాసి పంపింది, కింద ఒక ముక్క చేర్చింది: "పిన్నీ, ఈసారి చేతులు గట్టిగా కుట్టు." పక్కలు విప్పి వదులు చేశాను, చంకల్లో ముక్కలు వేశాను. చేతులు రెండుసార్లు కుట్టి, రెండు చేతులా పట్టుకుని లాగి చూశాను. చీలమండల దాకా ఉండాల్సింది మోకాళ్ల కిందికి వచ్చింది, అంతే తేడా. గౌను బొంగరానికి చెందుతుంది, శనివారం మా అమ్మాయి తీసుకెళ్లి ఇచ్చేసింది కూడా.

8. కుట్టు మిషను మా అక్కకి. ఇది మా అమ్మది. నాకంటే నాలుగేళ్లు పెద్దదైన అక్కే దీని మీద ముందు కూర్చుంది, నా వేళ్లు పట్టుకుని నాకు నేర్పిందీ అదే. అమ్మ మాత్రం "పెద్దది చేత్తోనైనా కుట్టుకుంటుంది, చిన్నదానికి మిషను ఉండాలి" అని నాకిచ్చేసింది. అక్క ఏమీ అనలేదు. అది అననిది నాకు ఇరవై రెండేళ్లుగా వినిపిస్తూనే ఉంది.

9. పై ఎనిమిదో నిబంధన కొట్టివేయడమైనది. కొట్టివేతకి పక్కన నా పొడి సంతకం, సాక్షుల పొడి సంతకాలు ఉన్నాయి. కారణం ఇది.

ఈ రోజు మధ్యాహ్నం అక్క వచ్చింది, గౌను సంచీలో పెట్టుకుని. గుమ్మంలోనే దాన్ని తిరగేసి, భుజం కుట్టు గోటితో గీకి చూసి, "గట్టిగానే ఉంది" అంది. తరవాత టేబులు మీదున్న ఈ కాగితాలు అడక్కుండానే తీసి చదివింది. ఎనిమిదో నిబంధన దగ్గర ఆగి, రెండో సాక్షి ఎవరని అడిగింది. ఇంకా ఎవరూ కుదరలేదన్నాను. "పెన్నివ్వు" అంది. సాక్షి అయితే మిషను రాదని చెప్పాను. ఐదో నిబంధన తనూ చదివానంది. పోనీ ఇప్పుడే తీసుకెళ్లమన్నాను. "ఇప్పుడు తీసుకెళ్తే నువ్వు దేంతో కుడతావు? తరవాత తీసుకెళ్తే నాకు దాని మీద చెయ్యాడుతుందా? కొట్టెయ్." కొట్టేశాను. నా తరవాత మిషను ఎవరిదన్న ప్రశ్నకి ఈ కాగితంలో జవాబు లేదు. లాయరుగారు ఊరుకోకపోవచ్చు.

10. ఆరో నిబంధన కూడా ఇక వర్తించదు. నేను పై పేరా రాస్తుండగా అక్క ఆకుపచ్చ గుడ్డ పరిచి, టేపుతో నా భుజాలు, పొట్ట కొలిచి, కత్తెర వేసేసింది. నన్ను ఎవరైనా కొలిచి ఎన్నేళ్లయిందో. ఆస్పత్రి నుంచి వచ్చాక వేసుకోవడానికి వదులు గౌనట, పొట్టకి తగలకుండా, ముందు గుండీలతో. నర్సమ్మగారు తన డబ్బాలోంచి ఆరు గుండీలు తెచ్చింది. లోపల ఎంత వదిలిందో చూశాను. రెండేసి వేళ్లు.

కుట్టడానికి మిషను పక్కనే ఉంది, టైమూ ఉంది. అయినా అక్క సూది తీసుకుని చేత్తో నాలుగు పొడుగు కుట్లు వేసి, మడిచి మిషను మీద పెట్టింది. "కచ్చా కుట్టేశాను. పక్కాది నువ్వొచ్చి వేసుకో" అంది.

వెనక గదిలో సగంలో ఉన్న పని ప్రస్తుతానికి అదొక్కటే. దాన్ని ఎవరికీ రాయడం లేదు.

2025 నవంబరు 17, సోమవారం, సాయంత్రం ఐదు గంటలకు, వెనక గదిలో, కిందివారిద్దరి ఎదుట చదివి సంతకం చేశాను.

(సంతకం)

సాక్షులు:
1. (సంతకం) రిటైర్డ్ నర్సు, కింది వాటా
2. (సంతకం) అక్క