మేకలు ముట్టని చెట్టు

అనంతపురం,
14-3-1962

అమ్మ దాదాబీకి కొడుకు మాబాషా సలాములు. నేనిక్కడ క్షేమం.

చెల్లీ నూర్జానూ, ఇంతవరకు చదివి ఆపు. అమ్మకు మెల్లగా వినిపించడం తరువాత. ముందు లేచి, నాయన మందుకని దంచిపెట్టిన గింజల పొడి ఎక్కడున్నా తీసి మన్నులో పూడ్చు. రోలు, గిన్నె బూడిదతో రుద్ది కడుగు. కోళ్ళకు కూడా వెయ్యద్దు.

పూడ్చినావా? ఇప్పుడు చదువు.

అమ్మా, పోయిన జాబులో మూడు మాటలు అడిగినావు. పొడి రోజుకు ఎన్ని చెంచాలని ఒకటి. ఇక చిటికెడు కూడా వద్దు. నాయనకు చెప్పులు కుట్టించినానా అని రెండోది. లేదు. పోయిన నెల మీరు కాగితం మీద గీసి పంపిన నాయన పాదం కొలత నా పెట్టెలోనే ఉంది. ఇక మూడోది, "ఈ కరువులో జెముడు కూడా కొరికే మేకలు ఆ చెట్టును ముట్టవు కదరా, మనిషి తాగొచ్చునా" అని.

ఆ మాటకు నేను నవ్వినాను. మిల్లులో నాతో వేరుశనగలు జల్లించే తిప్పయ్యకు చదివి వినిపించి, "చూడన్నా, మా యమ్మ వైద్యం మేకల్ని అడుగుతాంది" అన్నాను.

ఆయన జల్లెడ ఆపినాడు. "యా చెట్టప్పా అది?"

"ఆకంతా ముళ్ళు. పాలు ఒలికినట్ల తెల్ల గీతలు. మా నాయనకు పసిరికలు, కండ్లు పచ్చగైనాయి. దానికి మందు."

"పూవేం రంగు?"

"పసుపు. తుంచితే పాలు కూడా పసుపే. జబ్బుకు తగిన రంగే కదన్నా."

"నీ చదువు తగలెయ్య. అది బలురక్కసి రా. రైలుకట్ట పనికి ఉత్తరాదికి పోయినప్పుడు కండ్లారా చూసినా. ఆవాల నూనెలో ఆ గింజ కలిసి మా గుడిసెల్లో ముగ్గురికి కాళ్ళు వాచినాయి. కడకు ఊపిరాడక పోయినారు. మీ నాయన ఎన్నాళ్ళ నుంచి తాగుతాండాడు?"

నీ జాబు నాటికి మూడు రోజులు. ఈ రోజుకు ఆరు. 

అమ్మా, ఈ మందు డాక్టరు చెప్పినాడని నీకు రాసినాను. ఏ డాక్టరూ చెప్పలేదు. మందు లేదు పొమ్మని నాయనను ఆసుపత్రి గడప దగ్గరే తిప్పి పంపిన కాంపౌండరు మీది కోపంతో నేనే డాక్టరునైనాను. బొరుగుల పొట్లం విప్పితే ఆ కాగితంలో ఉంది. సీమదేశాల్లో పాలముళ్ళ చెట్టు గింజలు కార్జానికి మంచివని వాడతారట. నల్ల బొమ్మ. ఆకు అచ్చం మన గట్లమీది బలురక్కసి ఆకే. బొమ్మలో పూవుకు రంగు లేదు. నూనె మరక కింద ఒక ముక్క మిగిలింది. ఈ రోజు ఎండకు పట్టి చదివితే కనిపించింది, ఆ పూవు ఊదా రంగట. నా మాటని తెలిస్తే నాయన గిన్నె విసిరికొట్టేవాడు. విసిరికొట్టినా బాగుండు.

ఈ జాబు మన ఊరి బస్సు కండక్టరు ఎర్రన్నకు ఇస్తున్నాను. ఆ బస్సు నేనూ ఎక్కవచ్చు. మేస్త్రీ సెలవియ్యలేదని రాయబోయి చెయ్యి ఆపుకున్నాను. నేను అడగనే లేదు. నాయన కాళ్ళు చూడాలంటే నాకు భయం.

బొటనవేలితో నాయన కాలు నొక్కి చూడండి. గుంట పడి నిలిచినా, ఆయాసం ఉన్నా, రేపు పొద్దున అదే బస్సులో తీసుకొని రండి. బస్టాండులో ఉంటాను. ఈసారి ఆసుపత్రి గడపలో నేను నిలబడతాను, ఎట్లా చూడరో చూస్తా.

వాపు లేదని ఎర్రన్నతో నోటిమాటగా చెప్పి పంపద్దు. నా మనసు కోసం అమ్మ అబద్ధమాడుతుంది. ఈ జాబుతో ఒక తెల్ల కాగితం పెట్టినాను. నాయన పాదం దాని మీద ఉంచి గీసి పంపండి. పాత కొలత మీద పెట్టి చూస్తాను. పాత గీత దాటకుంటే ఆ పూటే చెప్పులు కుట్టిస్తాను.

నూర్జానూ, పెన్సిలు నిలువుగా పట్టుకో. అమ్మ చెప్పినా సరే, పాదాన్ని చిన్నది చేసి గీయద్దు.

ఇట్లు,
మీ మాబాషా