దండం పెట్టిన బండి

షామీర్‌పేట,
సోమవారం.

మేడ్చల్‌లో కమాన్ కట్టల షాపు నడుపుతున్న లింగం గారికి,

నమస్కారం. ఇరవై ఏళ్ల కిందట మా లేఅవుట్‌లో ప్లాట్లు అమ్ముతూ హేమచంద్ అనే పెద్దమనిషి నా చెయ్యి పట్టుకుని, "జోగారావు సార్, కమ్యూనిటీ హాలు పక్క గది మీ లైబ్రరీకే. ఇది నా మాట" అన్నాడు. ఆ మాట నమ్మి కాకినాడ నుంచి లారీ నిండా పుస్తకాలతో దిగాను. ఆ గదిలో ఇప్పుడు క్యారమ్స్ బోర్డు, గోడ మీద హేమచంద్ ఫొటో ఉన్నాయి. అప్పటి నుంచి నేను ఎవరి నోటిమాటా నమ్మను. ఫోన్ ముట్టను. మీతో వ్యవహారం కూడా కాగితం మీదే. పాలవ్యాను బబ్లూ రోజూ మేడ్చల్ వస్తాడు, ఉత్తరాలు అతనే తెస్తాడు.

గది ఇవ్వకపోతే లైబ్రరీ ఆగుతుందా? పాత పికప్ ఒకటి కొని, ట్రాలీలో అరలు కొట్టించి, ప్రతి ఆదివారం సరిగ్గా ఆ గదికి ఎదురుగా నిలబెడుతున్నాను. దాంతో హేమచంద్ అసోసియేషన్ అధ్యక్షుడి హోదాలో కాలనీ గేటు దగ్గర మోకాలెత్తు స్పీడ్‌బ్రేకర్ పోయించాడు. పిల్లల క్షేమం కోసమట. దాని మీదే నా బండి వెనక బరువు మోసే ఉక్కు పట్టీల కమాన్ కట్ట విరిగింది. మర్నాడే నోటీసు అంటించారు: ఈ ఆదివారం మీటింగు నాటికి పుస్తకాలతో సహా గేటు దాటి రాకపోతే అది తుక్కు బండి, ఇక కాలనీలోకి అనుమతి లేదు.

పుస్తకాలు ఇంట్లో దించి ఖాళీ బండి పంపుతున్నాను. విరిగిన పట్టీలు, బుష్షులు, పిన్నులు, యూ బోల్టులు రెండు పక్కలా మార్చండి. ఈ బండి మోసేది పుస్తకాలు మాత్రమే.

ఇట్లు,
లొంగని జోగారావు, రిటైర్డ్ లైబ్రేరియన్.

తా.క.: బండి వెనక "హారన్ కొట్టవద్దు, చదువుకుంటున్నాం" అని రాసి ఉంటుంది. మీ సుత్తి దెబ్బలకు అది వర్తించదు.

*

మేడ్చల్,
మంగళవారం.

జోగారావు సారుకు లింగం దండాలు.

బండి కిందికి వోయి సూసిన. ఎడమ దిక్కు పెద్ద పట్టి రెండు తునకలైంది. బుష్షులు పిప్పి పిప్పి. యూ బోల్టులు తుప్పు వట్టి, కోస్తె గాని రాలె. అన్ని కొత్తయి ఏస్తున్న, ఫికర్ జేయకుర్రి.

సారూ, ఒక్క మాట. మీరు పుస్తకాలు అన్నరు. మంచిది. మా షాపుకొచ్చేటోళ్ళు ఎవ్వరు గూడ ఉన్న లోడు ఉన్నట్టు చెప్పరు. కంకర తోలేటోడు గడ్డి అంటడు. ఇటుకలు తోలేటోడు ఇంటి సామాన్ అంటడు. వాళ్ళు చెప్పినదానికి రెండింతలు వట్టుకొని పట్టీలు ఏసుడు మా నాయిన కాలం నుంచి ఉన్న పద్ధతి. పుస్తకాలు అన్నోళ్ళు మాత్రం మీరే ఫస్టు. మస్తు తెలివి.

మీ ట్రాలీ మూలలల్ల ఇసుక దొరికింది. నేనెవ్వనికి జెప్ప. చెరువు దిక్కు పోలీసోళ్ళు తిరుగుతున్నరు, జర పైలం. రెండు పట్టీలు ఎక్కువ ఏస్తున్న.

మీ మేలు కోరేటోడు,
లింగం.

తా.క.: మా బామ్మర్ది ఇల్లు గడుతుండు. మీ ఇసుక సన్నగ, మంచిగున్నది. ఇంక ఉన్నదా అని అడుగుతుండు.

*

షామీర్‌పేట,
బుధవారం.

లింగం గారికి,

నలభై ఏళ్లు ప్రభుత్వ గ్రంథాలయంలో పనిచేశాను. ఒక్క పేజీ చింపినవాడిని కూడా వదల్లేదు. అలాంటి నన్ను ఇసుక దొంగను చేశారు.

ఏ గ్రంథాలయంలోనైనా నిప్పు భయానికి ఎర్ర బకెట్‌లో ఇసుక ఉంచాలి. అది నిబంధన. నా లైబ్రరీ చక్రాల మీద ఉంది కాబట్టి బకెట్ కూడా చక్రాల మీదే ఉంది. కమాన్ విరిగినప్పుడు అది ఒలికింది. అంతే.

నాకు మీ నాయన పద్ధతి వద్దు. నేను చెప్పిన లోడు, నేను చెప్పిన పట్టీలు. ఎక్కువ వేసినవి తీసేయండి. ఆదివారం నా బండి ఆ గేటు దాటకపోతే హేమచంద్ గెలుస్తాడు. ఇరవై ఏళ్లలో ఒకసారి గెలిచాడు, చాలు.

ఇట్లు,
చోరుడు కాని జోగారావు.

తా.క.: మీ బామ్మర్దికి చెప్పండి. ఆ ఇసుకను కొన్నేళ్లుగా మా వీధి పిల్లి వాడుకుంటోంది. గృహప్రవేశానికి నన్ను పిలవక్కర్లేదు.

*

మేడ్చల్,
గురువారం.

సారుకు దండాలు.

మీ ఉత్తరం మా షాపుల అందరికి సదివి వినిపించిన. గిది ఇసుక కాదని నాకు సమజైంది. ఇసుక తోలేటోళ్ళను అడిగితే నవ్వుతరు, ఇంత కోపానికి రారు. గీ కోపం గ్రానైట్ రాళ్ళు తోలేటోళ్ళకే వస్తది. ముందుగాల్నే చెప్తె అయిపోవు గద సారూ!

మూడో పట్టి గూడ ఏసిన. బబ్లూతోని బండి పంపుతున్న. ఇగ గా స్పీడ్‌బ్రేకర్ కాదు, గుట్ట ఎక్కియ్యుండ్రి.

మీవాడు,
లింగం.

తా.క.: ఖాళీగ తోలితె జర ఎగురుతది. మీ ఇంటి పెద్దమ్మను పక్కన కూసోబెట్టుకోకుర్రి.

*

షామీర్‌పేట,
శుక్రవారం.

లింగం గారికి,

"జర" అంటే మీ మేడ్చల్‌లో ఎంతో నాకు తెలియదు. బబ్లూ దిగేసరికి నెత్తి మీద బొప్పి ఉంది.

దించిన పుస్తకాలన్నీ ఎక్కించాను. అయినా వెనక భాగం దిగలేదు. లేవబోయే బర్రె ముందు వెనక్కాళ్ల మీద లేస్తుందే, సరిగ్గా అలా నిలబడింది. పైఅర పుస్తకాలన్నీ జారి క్యాబిన్ వైపు వచ్చిపడ్డాయి. వేదాంతమంతా వంటల పుస్తకాల మీద ఉంది.

ఇదంతా భరించేవాణ్ణి. సాయంత్రం వాకింగ్‌కి వచ్చిన హేమచంద్ బండి ముందు ఆగాడు. ముక్కు నేలకు వంచి, వెనక పైకెత్తి ఉన్న నా లైబ్రరీని చూసి, "ఏంది జోగారావు సార్, ఇన్నేండ్లకు మీ బండి నాకు దండం పెడుతున్నది!" అన్నాడు. వాకింగ్ బృందం మొత్తం నవ్వింది.

నేను ఎవరికీ దండం పెట్టను. నా బండీ పెట్టదు. రేపే వచ్చి పట్టీలు తీయండి.

ఇట్లు,
నిటారుగా, జోగారావు.

తా.క.: ఇక్కడి మెకానిక్‌ని పిలిచాను. కట్టల మీద మీ గుర్తు చూసి, "లింగమన్న పని నేను ముట్ట" అని వెళ్లిపోయాడు. మీలోనూ ఒక అసోసియేషన్ ఉందన్నమాట.

*

మేడ్చల్,
శనివారం.

సారుకు దండాలు.

మా సడ్డకుని బిడ్డ పెండ్లికి సిద్దిపేటకు పోతున్న. షాపు బంద్. పట్టీలు తీయ.

మీరు నన్ను నమ్మలే, నేను మిమ్ముల నమ్మలే, లెక్క సాఫ్ అయిపోయింది. కమాన్ మాత్రం అబద్ధం ఆడదు. లోడు ఏస్తె కూసుంటది, లేకుంటె లేస్తది. నిజంగ పుస్తకాలోళ్ళయితె ఇంకిన్ని పుస్తకాలు ఏసి కూసోబెట్టుండ్రి, సూస్త!

లింగం.

తా.క.: నిన్న మీ ఇంటి పెద్దమ్మ ఫోన్ జేసింది. "ఆయన ఏం రాసినా ఆ పట్టీలు తీయకు నాయనా" అన్నది. గందుకే తీయ. మీరు కాగితం మీద చెప్తరు, ఆమె నోటితోని చెప్తది. నేను నోటిమాట మనిషిని.

*

షామీర్‌పేట,
సోమవారం.

లింగం గారికి,

బండి గేటు దాటింది. మిగతాది వినండి.

మీ ఉత్తరం చదివి హాల్లోకి వచ్చేసరికి, మా ఆవిడ పద్మజ కొంగు దోపుకుని అటక మీద ఉంది. మంచాల కిందివి, బీరువాల మీదివి, పూజగదిలోవి, ఇరవై ఏళ్లుగా అట్టపెట్టెల్లోనే ఉన్నవి, అన్నీ దించేసింది. "అవి రిఫరెన్స్ గ్రంథాలు, బయటికి ఇచ్చేవి కావు" అన్నాను. "ఇరవై ఏళ్లుగా వీటితోపాటు నేనూ రిఫరెన్స్ గ్రంథాన్నే అయ్యాను, జరగండి" అంది.

ఒక్కో పెట్టె ఎక్కుతుంటే బండి వెనక భాగం నెమ్మదిగా దిగింది. చివరి పెట్టెతో తక్కెడ ముల్లులా నిలిచింది. మీ కమాన్ నిజమే చెప్పింది. నా లోడు ఎంతో నేనే తప్పు చెప్పాను. ఇంట్లో ఉన్నది లెక్కలోకి తీసుకోలేదు.

ఆదివారం మీటింగుకి కాలనీ అంతా గేటు దగ్గరే ఉంది. ఆ స్పీడ్‌బ్రేకర్‌ని నా బండి ఏనుగులా ఎక్కి, ఏనుగులా దిగింది. ఒక్క పుస్తకం కదల్లేదు. బండి ఆపి, దిగి, అందరి ముందు అడిగాను: "హేమచంద్, ఇరవై ఏళ్ల కింద నాకిచ్చిన మాట ఏమైంది?"

అతను నన్ను చూడలేదు. క్యాబిన్‌లో కూర్చున్న పద్మజను చూశాడు. "ఇగ చెప్పమంటరా మేడమ్?"

"నేనే చెబుతాను" అని ఆవిడ దిగింది. "గది ఇవ్వద్దని ఆయన్ని బతిమాలింది నేనే. పుస్తకం మడత పడిందని, తిరిగి ఇవ్వలేదని కాకినాడలో వీధి వీధంతా మీరు తగువు పెట్టుకున్నారు. ఇక్కడన్నా నలుగురూ మనింటికి రావాలనుకున్నాను. మీకు చెప్పనని ఒట్టు కూడా వేయించుకున్నాను. తీరా లైబ్రరీ నా ఇంట్లోనే కాపురం పెట్టింది. అందుకే పట్టీలు తీయొద్దని లింగానికి ఫోన్ చేశాను. దాన్నిక బండిలోనే ఉండనివ్వండి."

హేమచంద్ గొంతు సవరించుకుని, "సార్, గది ఇప్పుడు తీసుకోండి, ఫొటో గూడ తీసేస్త" అన్నాడు. అక్కర్లేదన్నాను. గదికి చక్రాలు లేవు.

నిన్న పుస్తకాలు ఇచ్చింది పద్మజే. రసీదు లేదు, గడువు లేదు. నాకు తగువుకి సందు దొరకలేదు. ఆడవాళ్లు చీకటి పడేదాకా బండి వదల్లేదు.

ఇట్లు,
నిలిచిన బండి పక్కన నిలిచిన జోగారావు.

తా.క.: అసలు సంగతి తెలిసింది కాబట్టి నేను చల్లబడ్డానని మీ షాపులో అనుకోవచ్చు. ఈ ఉత్తరం కూడా అందరికీ చదివి వినిపించండి. గది వద్దన్నది పద్మజ, నిజమే. కానీ నా చెయ్యి పట్టుకుని మాట ఇచ్చింది పద్మజ కాదు. నాకిచ్చిన మాట ఒక్క పూటలో తప్పి, ఆవిడకిచ్చిన మాట ఇరవై ఏళ్లు నిలబెట్టుకున్నవాడు ఒకడున్నాడు. మాట నిలబెట్టుకోవడం చేతకానివాడైతే క్షమించేవాణ్ణి. చేతనైనవాణ్ణి క్షమించను. ఈ విషయంలో నేను ఇప్పటికీ తప్పుపట్టేది ఒక్కడినే. హేమచంద్‌ని.