అన్నిటికీ గ్రాండే

బన్‌మహన్, వాటర్‌ఫర్డ్ కౌంటీ
జులై 7, సోమవారం

ప్రియమైన డెబోరా,

నర్సింగ్ హాస్టల్లో మూడేళ్ళు నీ దుప్పటి సగం లాక్కుని పడుకున్న రాణిని. ఫోన్ చెయ్యకుండా ఈ కాగితాలేంటి అనుకోకు. సెలవులకి మేం అద్దెకి తీసుకున్న ఈ చక్రాల ఇంటి, అదే కారవాన్ గోడలు అట్టముక్కలు. ఈ చివర తుమ్మితే ఆ చివర "బ్లెస్ యూ" అంటారు. మెసేజ్ పెడదామంటే నా ఫోన్ పొద్దస్తమానం మా అబిగేయిల్ చేతిలోనే ఉంటుంది. పదమూడేళ్ళ పిల్ల, నీ జవాబు నాకంటే ముందు చదివేస్తుంది. అందుకని ఊళ్ళో ఉన్న ఒక్క షాపులో నోటుపుస్తకం కొన్నాను. ఇప్పుడు తండ్రీ కూతుళ్ళు బీచికి వెళ్ళారు. గబగబా రాసేస్తాను.

అసలు ఫెర్రీ ఎక్కి వేల్స్ వెళ్దామనుకున్నాం. పాప కొత్త పాస్‌పోర్ట్ టైముకి రాలేదు, ఇటు తిరిగాం. దానికి జియోకాషింగ్ అని ఒక పిచ్చి పట్టుకుంది. ఎవరెవరో రాళ్ళ సందుల్లో, కంచెల కింద చిన్న చిన్న డబ్బాలు దాచిపెడతారట. ఫోన్ చూపించిన చోటికి వెళ్ళి వెతకాలి. దొరికితే లోపలున్న కాగితం మీద పేరు రాసి, డబ్బాని మళ్ళీ అక్కడే పెట్టెయ్యాలి. ఇంతోటి దానికి రోజుకి ఎనిమిది కిలోమీటర్లు సముద్రం ఒడ్డున కొండ అంచుల్లో నడక. నా మోకాళ్ళు నన్ను తిడుతున్నాయి.

సరే, అసలు సంగతి. ములింగార్‌లో నీ పక్కనే నువ్వు చూసిన గది నాకు కావాలి. శనివారంలోపు ఓనర్‌కి చెప్పాలన్నావు కదా, చెప్పెయ్యి. అక్కడ మీ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందని ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఈ సెలవు పాప కోసం. ఆడమ్స్‌టౌన్ ఇంటికి తిరిగెళ్ళాక మా ఆయన బాలశౌరికి చెప్పి నా బట్టలు సర్దుకుంటాను. పాప స్కూలు మారక్కర్లేదు, శని ఆదివారాలు నా దగ్గరికి వస్తుంది.

ఎందుకు అని నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు. అందుకే ఇప్పుడు చెప్తున్నాను. పోయిన అక్టోబర్‌లో నా వార్డులో ఒక పెద్దావిడ ఉంగరం పోయింది. స్నానం చేయించింది నేను. నేనే తీశానని వాళ్ళమ్మాయి కాగితం మీద రాసిచ్చింది. డెబోరా, నేను దొంగనట! విచారణకి రమ్మని ఉత్తరం వచ్చింది. తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చు అని అందులో ఉంది. నర్సు రిజిస్ట్రేషన్ పోతుందేమో, ఊరంతా తెలుస్తుందేమో అని రెండ్రోజులు నాలో నేనే కుమిలిపోయి, మూడో రోజు సాయంత్రం వంటింట్లో ఆయనతో చెప్పాను. స్టవ్ పైన పొగ లాగే ఫ్యాన్ తిరుగుతోంది. ఆయన కడిగిన గిన్నెలు అల్మరాలో సర్దుతున్నారు. "నన్ను దొంగంటున్నారండీ. బుధవారం విచారణ. మీరు నాతో రండి" అన్నాను.

ఆయనేమన్నారో తెలుసా? "గ్రాండ్" అన్నారు. అని అల్మరా తలుపు మూసి హాల్లోకి వెళ్ళి టీవీ పెట్టుకున్నారు.

మనం ఈ దేశంలో దిగిన కొత్తలో ఇక్కడివాళ్ళ ఆ మాటకి ఎంత నవ్వుకున్నాం! బాగుందన్నా గ్రాండే, సరేనన్నా గ్రాండే, అక్కర్లేదన్నా గ్రాండే. ఆ సాయంత్రం నుంచి నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండిపోతుంది. బుధవారం పొద్దున ఆయన మామూలుగా డ్యూటీకి వెళ్ళిపోయారు. విచారణ గదిలో నా పక్కన తోడు మనిషి కోసం వేసిన కుర్చీ ఖాళీగా ఉంది. గంటన్నరసేపు దాని మీద నా హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకుని కూర్చున్నాను. ఉంగరం వారం తర్వాత ఆ పెద్దావిడ కళ్ళజోడు పెట్టెలోనే దొరికింది. క్షమాపణ చెప్పారు. అదీ నేను ఇంట్లో చెప్పలేదు. రెండోసారి చెప్పడానికి నోరు రాలేదు.

అప్పటినుంచి అవసరానికి రెండు ముక్కలు, అవీ గోడకేసి చూస్తూ మాట్లాడుతున్నాను. ఆయనకి ఆ తేడా కూడా పట్టినట్టు లేదు. మొన్న ఇక్కడికొచ్చే దారిలో ఇండికేటర్ వేసి అలాగే ఇరవై కిలోమీటర్లు నడిపారు. "డాడ్! ది ఇండికేటర్!" అని పాప మూడుసార్లు అరిచింది. మనిషి ఇక్కడ, మనసెక్కడో. పద్దెనిమిదేళ్ళ కాపురం తర్వాత నేను చెప్పేది వినని మనిషి పక్కన ఉండటం కంటే నీ పక్క గదిలో ఉండటం నయం.

గది ఖాయం చెయ్యి.

మాట మార్చని
విజయరాణి


బన్‌మహన్
జులై 10, గురువారం

ఒసేయ్ డెబోరా,

ఓనర్‌కి ఇంకా చెప్పకపోతే ఆగు. చెప్పేసి ఉంటే నన్ను తిట్టి, మళ్ళీ ఫోన్ చేసి ఆగమను.

నిన్న పాత రాగి గని వైపు నడిచాం. అక్కడ ఒక డబ్బా ఉందట. "వెతకొద్దు, వినండి" అని రాశాడట దాచినవాడు. దానికి బ్యాటరీ పెట్టాడు, అరనిమిషానికోసారి కీచుమంటుంది. రాతిగోడ దగ్గరికి వెళ్లేసరికే నాకు వినబడింది. పాప గంతులేస్తోంది. మమ్మల్ని దాటుకుని ఆయన ముందుకెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, సరిగ్గా ఆ కూత వచ్చే రాయి మీద చెయ్యి వేసి, "ఇక్కడేం లేదే" అన్నారు.

"డాడ్, ఇట్స్ లిటరల్లీ అండర్ యువర్ హ్యాండ్!" అని పాప పడీ పడీ నవ్వింది. ఆటపట్టిస్తున్నారనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. అది మళ్ళీ కీచుమంది. ఆయన మొహం చూశాను. మేం ఎందుకు నవ్వుతున్నామో తెలియక, తెలిసినట్టు ఆయనా నవ్వుతున్నారు.

ఆ నవ్వు నాకు తెలుసే. వార్డులో రోజూ చూస్తాను. చెవులు పోయిన ముసలాయన నేను అడిగినదానికల్లా నవ్వి తలూపితే, నేనే చెవుల పరీక్షకి రాయిస్తాను. ఇరవై రెండేళ్ళుగా నర్సుని!

పాప డబ్బా తీసి పేర్లు రాసుకుంటోంది. ఆయన లేచి సముద్రం వైపు తిరిగి నిలబడ్డారు. నేను వెనక నాలుగడుగుల దూరంలో నిలబడి, రోజూ మాట్లాడే గొంతుతోనే అన్నాను: "ఏమండీ, నేను ములింగార్ వెళ్ళిపోతున్నాను. మిమ్మల్ని వదిలేసి."

ఉలుకూ పలుకూ లేదు. ఇంకాస్త గట్టిగా అన్నాను. అప్పుడు వెనక్కి తిరిగి, నా మొహం చూసి, చక్కగా నవ్వి "గ్రాండ్" అన్నారు.

నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నేను చెప్పలేను. అక్కడే గడ్డిలో కూలబడ్డాను. ఆయన కంగారుపడి పరిగెత్తుకొచ్చి మోకాలు పట్టేసిందా అని కాలు పిసకడం మొదలెట్టారు.

పాపని ఐస్‌క్రీముకి పంపి, కారవాన్ మెట్ల మీద ఎదురుగా కూర్చోబెట్టుకుని, నెమ్మదిగా అడిగాను. "మీకు వినబడటం లేదు కదూ?" తల దించుకున్నారు. మూడేళ్ళ నుంచట. ఈ దేశం రాకముందు గుంటూరు దగ్గర నూలు మిల్లులో పదకొండేళ్ళు చేశారు కదా, ఆ మిషన్ల హోరు ఇప్పుడు బయటపడిందేమో. ఇప్పుడు పనిచేసే గోడౌన్‌లో తెలిస్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి ఎక్కనివ్వరని భయం. నాకు తెలిస్తే సిగ్గట. నాకు!

"మగాళ్ళ మాట అందుతుంది రాణీ. నీదీ పాపదీ సన్న గొంతులు. మీ పెదాలు చూసి అల్లుకుంటాను. అందకపోతే గ్రాండ్ అంటాను. దేనికైనా సరిపోతుంది కదా ఆ మాట" అన్నారు. మళ్ళీ ఆయనే, "పాప అక్టోబర్ సెలవులప్పటి నుంచి నువ్వు మొహం పక్కకి పెట్టి మాట్లాడుతున్నావు. అప్పట్నుంచి ఇంక నువ్వేం చెప్తున్నావో నాకు అస్సలు తెలియట్లేదు. కోపం వచ్చిందని తెలుసు. ఎందుకో అడుగుదామంటే, నువ్వు చెప్పినా వినబడదేమోనని..." అన్నారు.

నేను శిక్ష అనుకుని మొహం తిప్పుకున్నాను. ఆయనకున్న ఆ కాస్త దారీ నేనే మూసేశాను. పోయిన అక్టోబర్ సంగతి ఇంకా చెప్పలేదు. మెట్ల మీద కూర్చుని కేకలేస్తూ చెప్పే సంగతి కాదు. ముందు చెవులు, తర్వాత మాటలు. సోమవారం మా జీపీ డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. గుండె మీంచి బండ దించినట్టుంది నాకు. మొగుడికి చెవుడని ఇంత సంతోషించిన ఆడది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

సిగ్గుతోనూ సంతోషంతోనూ
రాణి


ఆడమ్స్‌టౌన్
ఆగస్టు 24, ఆదివారం

డెబోరా, నా బంగారూ,

ఇల్లంతా చప్పుళ్ళ పండగ. ఆయన చెవులకి మెషిన్లు పెట్టి నాలుగు రోజులైంది. క్లినిక్ నుంచి బయటికి రాగానే కారెక్కి ఇండికేటర్ వేసి, "ఇది టిక్కుటిక్కుమంటుందా?" అన్నారు. ఫ్రిజ్ పాడైందని మెకానిక్‌ని పిలవబోతే, అది ఎప్పుడూ అలాగే మోగుతుందని పాప చెప్పింది. గోడౌన్‌లో సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళి భయపడుతూ చెప్తే, అతను ఆ మెషిన్లు చూసి "గ్రాండ్" అన్నాడట. మూడేళ్ళ భయానికి ఒక్క ముక్క!

శుక్రవారం సాయంత్రం పాప స్నేహితురాలింటికి వెళ్ళింది. వంటింట్లో ఫ్యాన్ ఆపేసి, బల్ల దగ్గర కూర్చుని, అక్టోబర్‌లో చెప్పినదే మళ్ళీ మొదట్నుంచి చెప్పాను. ఉంగరం, ఉత్తరం, బుధవారం. గది తీసుకుని వెళ్ళిపోదామనుకున్నానని కూడా చెప్పాను. చెప్పడం అయ్యాక ఒకటే అడిగారు.

"ఆ రోజు నీ పక్కన ఎవరు కూర్చున్నారు?"

"ఎవరూ లేరండీ. కుర్చీలో నా బ్యాగ్ పెట్టుకున్నాను."

ఆయన లేచారు. బల్లకి అవతల ఉన్న కుర్చీ ఎత్తి తెచ్చి, నా పక్కన వేసుకుని కూర్చున్నారు. నా చెయ్యి పట్టుకుని, పాప తిరిగొచ్చేదాకా అలాగే కూర్చున్నారు. పదినెలలు ఆలస్యమే. అయినా నాకు చాలు.

ఇన్నాళ్ళూ నువ్వు ఆపి ఉంచిన గది ఇంకెవరికైనా ఇచ్చెయ్యమను. ఉద్యోగం మాత్రం వదలను, నన్ను దొంగన్న వార్డులో ఇక పని చెయ్యను. ములింగార్‌కి రోజూ కారులో వెళ్ళొస్తాను, గంట కూడా పట్టదు. మధ్యాహ్నం అన్నం మాత్రం నీ డబ్బాలోదే, ముందే చెప్తున్నాను.

ఇది రాస్తుంటే ఆయన హాల్లోంచి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. "కాగితం మీద పెన్ను చప్పుడు వినబడుతోంది. ఎవరికి?" అన్నారు.

నేను తలెత్తలేదు. కావాలనే, మొహం కాగితం మీదే పెట్టి, రోజూ మాట్లాడే గొంతుతో అన్నాను: "డెబోరాకి. నేను ఎక్కడికీ వెళ్ళట్లేదని రాస్తున్నాను."

"గ్రాండ్" అన్నారు. ఈసారి విని అన్నారు.

నీ దుప్పటి ఇంకా బాకీ ఉన్న
రాణి