చెనక్కాయల అంచు చీర

హిందూపురం,
గురువారం.

అన్నా,

నీ చెల్లెలు సుజాత దండం పెట్టి రాస్తున్న ఉత్తరం. నాకు జ్వరం లేదు, జలుబు లేదు, తిండికి లోటు లేదు. కవరు చూడగానే నీ గుండె గుభేలుమంటుందని ముందే చెబుతున్నాను. నాయన దగ్గు తగ్గిందా? అమ్మ కాళ్ల పుండ్లు ఎట్లా ఉన్నాయి? అవ్వ మాత్రలు వేసుకుంటోందా, దిండు కింద దాచిపెడుతోందా?

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటంటావు. నువ్వు ఫోన్ స్పీకర్‌లో పెట్టి నేస్తావు, పక్కనే మనకు పట్టు ఇచ్చే షావుకారు గుమాస్తా చెవులు రిక్కించి కూర్చుంటాడు. అందుకే మా ఫ్యాక్టరీ లైనులో కుట్టే లక్ష్మి రేపు పొద్దున ప్యాసింజర్‌కు ధర్మవరం వస్తుంటే ఆమె చేతికి ఇస్తున్నాను. చదివాక పొయ్యిలో వేసెయ్యి.

ఇక్కడ పని అలవాటైంది. పొద్దంతా చొక్కా కాలర్లే. కలలో కూడా కాలర్లే వస్తున్నాయంటే నమ్ము. హాస్టల్ సాంబారులో బెల్లం వేస్తారు, నోట్లో పెట్టుకుంటే అన్నంలో పాయసం కలిపినట్టే. లక్ష్మి శనివారం తిరిగి వచ్చేటప్పుడు అమ్మ చేత చెనక్కాయల పొడి పంపించు. ఆదివారాలు గడవవని ఏడ్చేదాన్ని కదా, ఈ నెల ఆదివారాలన్నీ పెనుకొండలోనే గడిచాయి. నేను రాయాల్సింది కూడా దాని గురించే.

యువ పౌరసభకు చీటీలో నా పేరు వచ్చిందని ఇంటికి కాగితం వచ్చినప్పుడు నువ్వేమన్నావు? “నక్కతోక తొక్కినావు మే, పో, భోజనమన్నా పెడతారు” అన్నావు. భోజనం బాగానే పెట్టారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల ఓటర్ల జాబితాలో చిన్న వయసువాళ్ల పేర్లు చీటీలు రాసి తీశారు. మన వంకలు, చెరువులు పాడుకాకుండా ఏం చేయాలో నాలుగు ఆదివారాలు కూర్చుని మేమే తేల్చాలి. చివరి రోజు అధికారులు వచ్చి వింటారు. అంతవరకు ఎవరి పేరూ బయటికి రాకూడదని మెడలో నంబర్లు వేశారు. నాది ముప్పై ఒకటి. అన్నా, నేను మాట్లాడుతుంటే అంతమంది పెన్నులు పట్టుకుని రాసుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక నా మాట ఎవరన్నా రాసుకున్నారా చెప్పు?

రెండో ఆదివారం నువ్వు నేసిన చీర కట్టుకుపోయాను. మిగులు పట్టుతో, నీకు నువ్వే గీసుకున్న చెనక్కాయల అంచుతో నేశావే, అదే. ఆ రోజే మన వీధి సంగతి చెప్పాను. అద్దకం షెడ్డులో ఆ రోజు ఏ రంగు అద్దితే వంక ఆ రంగులో పారుతుందని, బోరు నీళ్లు కూడా రంగు తిరిగాయని, ఆ నీళ్లలో నిలబడి బట్టలుతికే మా అమ్మ కాళ్లు చూడమని. షెడ్డు ఎవరిదో చెప్పలేదు. ఒట్టు, షావుకారు పేరు నా నోట రాలేదు.

సాయంత్రం పెనుకొండ బస్టాండులో తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన పక్కకు వచ్చి నిలబడ్డాడు. “ఏమ్మా, ఈ అంచు యాడిది? ఇట్లాంటిది నేను యాడా చూడలే” అన్నాడు. నువ్వే చెప్పు, మగ్గం ఇంట్లో పుట్టినదానికి ఆ మాట వింటే ఒళ్లు పొంగదా? “మా అన్న నేసినాడు సార్, ధర్మవరంలో. ఇట్లాంటిది ఇంకొకటి లేదు” అన్నాను. కూతురి పెళ్లికి కావాలన్నాడు. నీ పేరు, వీధి పేరు, ఎన్నో ఇల్లో కూడా చెప్పాను. అంచును ఫోటో తీసుకుంటానంటే కుచ్చిళ్లు సర్ది మరీ చూపించాను. నీకు గిరాకీ తెచ్చానని బస్సులో దారి పొడుగునా మురిసిపోయాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటుంది అమ్మ. నా నోరు నిన్ను పట్టించింది.

ఆ బుధవారమే నువ్వు ఫోన్ చేసి, ఎవరో కొత్తాయన ఇంటికొచ్చి అంచు అడిగిపోయాడని సంతోషపడ్డావు. శుక్రవారం మళ్లీ చేసి, మగ్గానికెక్కించే పట్టు వార్పు కొన్నాళ్లు ఆగుతుందని గుమాస్తా చెప్పాడన్నావు. మగ్గం ఖాళీగా ఉందన్నావు. ఆ రెండింటికీ సంబంధం ఉంటుందని అప్పుడు నాకు తట్టలేదు.

మూడో ఆదివారం పోతే పన్నెండో నంబరు కుర్చీ ఖాళీ. రొద్దం అబ్బాయిది. వాళ్ల చెరువు మట్టి ఎవరు తోలుకుపోతున్నారో ముందువారం నవ్వుతూ నవ్వుతూ చెప్పాడు. సభ నడిపే మేడమ్ ఫోన్ చేస్తే వాళ్లమ్మ ఎత్తి, “మావాడు బెంగళూరుకు పోయినాడు. ఇంక ఫోన్ చెయ్యాకండి” అని పెట్టేసింది. ముందువారం నాతో అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. “చేను ఇడిసి నేను యాడికీ పోనక్కా” అన్నాడు.

బయటికి వస్తే గేటు దగ్గర కారు. కారు పక్కన మన షావుకారు. ఆయన పక్కన ఆ తెల్లచొక్కా ఆయన. షావుకారు నన్ను చూసి నవ్వాడు. తిట్టినా అంత భయపడేదాన్ని కాదు అన్నా.

వచ్చే ఆదివారం చివరిది. నంబరు తీసేసి, ఎవరి పేరు వాళ్లు చెప్పి, అధికారుల ముందు సంతకం పెట్టాలి. నేను పెడితే నీ మగ్గం ఇంక ఖాళీగానే ఉంటుంది. పెట్టకపోతే అమ్మ రేపు కూడా ఆ నీళ్లలోనే నిలబడుతుంది. నువ్వు వద్దంటే పోను.

ఇంతవరకు రాసి కవరు అంటించబోతుంటే నీ ఫోన్ వచ్చింది. “పాపా, షావుకారే వచ్చినాడు మే! ఆయప్ప మనింట్లో కాలు పెట్టింది ఎప్పుడన్నా చూసినావా? రెండు వార్పులు తెచ్చినాడు. చెనక్కాయల అంచే నెయ్యమన్నాడు. ఆదివారం నిన్ను పెనుకొండకు కార్లో తీసకపోతారంట. హాస్టల్ అడ్రస్ ఇచ్చినా” అని ఒకటే సంబరం. అప్పుడే నీ వెనక ఎవరో దగ్గారు. నాయన దగ్గు నాకు తెలుసు. అది నాయనది కాదు. అందుకే “సరే అన్నా” అని పెట్టేశాను. నిన్ను తిట్టలేదు. నేను బస్టాండులో చేసిందే నువ్వు ఇంట్లో చేశావు.

ఇప్పుడు నిన్ను అడగడం లేదు, చెబుతున్నాను. ఆదివారం కారు రాకముందే తొలి బస్సుకు పోతాను, లక్ష్మిని తోడు తీసుకుని. ఆ చీరే కట్టుకుంటాను. నువ్వు ఆ వార్పులు మగ్గానికి ఎక్కించవద్దు. ఖాళీ మగ్గం ముందు కూర్చోవడం నీకెంత నరకమో తెలుసు. ఆదివారం దాకా కూర్చో, నా కోసం. ఎవరన్నా అడిగితే నడుము పట్టిందని చెప్పు.

నాయనకు, అమ్మకు, అవ్వకు నా దండాలు. ఎప్పుడూ మాటవరసకు దీవెనలు అడుగుతాను, ఈసారి నిజంగానే కావాలి. అమ్మను వంకకు పోవద్దను.

సభలో ప్రతి కాగితం మీదా పేరుకు బదులు నంబరు వేసి వేసి, ఇక్కడ కూడా చెయ్యి ముప్పై ఒకటి అని రాసింది. కొట్టేశాను, చూడు.

నీ చెల్లెలు,
సుజాత