తొట్టికి పూజ

ఆయుధ పూజ, రాత్రి

సిరుగుప్ప రోడ్డులో పార్కు మూసేసి ఏండ్లయింది. ఆ పార్కు జెయింట్ వీల్‌లో కూర్చునే తొట్టి ఒకటి మా ఆయన పాత ఇనుము అమ్మే గుజిరి అంగడి నుంచి ఆటోలో ఏసుకొచ్చి హాల్లో పెట్టినాడు. ఈ పొద్దు స్కూటర్‌తో పాటు దానికీ కుంకుమ పూసి, కింద నిమ్మకాయలు పెట్టినాడు. చక్రాలే లేనిదానికి నిమ్మకాయలేంది అంటే, "నీకేం తెలుసే, ఇది మన జ్ఞాపకం" అని కండ్లు తుడుచుకున్నాడు.

థూ! పార్కు నడిచే దినాల్లో ఈ మనిషి గేటు దాటితే కదా. జెయింట్ వీల్ ఎక్కాలని మా పాప సుజాత గేటు ముందర మన్నులో పొర్లి ఏడిస్తే, "అదంతా దండగ" అని రెక్క పట్టుకొని ఈడ్చుకొచ్చినాడు. అది ఒక్కసారి గూడా ఎక్కలేదు.

సాయంత్రం బెంగళూరులో ఉండే సుజాతకు వీడియో కాల్ చేసి తొట్టి చూపించినాడు.

"చూడమ్మా, నువ్వు ఎక్కిన తొట్టే. నా ఒళ్ళో కూర్చొని కేకలేసినావు, గుర్తుండాదా?"

ఇప్పుడు కడిగేస్తాది చూడు అని నేను పక్కనే కాచుకొని ఉంటి.

"ఔనప్పా, బాగా గుర్తుండాది" అనింది, నవ్వుతా.

ఈయప్ప గురక పెడతాండాడు. నాకే నిద్ర రాలేదు. అబద్ధం అంత సులభంగా ఎట్లొచ్చింది దానికి? దినామూ నాతో "బాగుండానమ్మా" అనేది గూడా ఆ గొంతుతోనే...